ఆదివారం వణకని మేడ

భూకంపం ఎప్పుడొస్తుందో ముందే చెప్పే యంత్రం ఉంటే పంపమని దివిసీమ నుంచి మా పరిశోధనశాలకి ఒక ఉత్తరం వచ్చింది. అది 1978 ఆగస్టు. ఉప్పెన వెళ్లి ఇంకా ఏడాది నిండలేదు. రాసినావిడ రూతమ్మ అనే బడి టీచరు. ఊళ్లో కొత్తగా కట్టిన తుఫాను షెల్టర్ నెల రోజులుగా వణుకుతోందనీ, భూకంపం వస్తుందని భయపడి జనం అందులో కాలు పెట్టడం లేదనీ, ఇంకో రెండు నెలల్లో మళ్లీ తుఫాన్ల కాలం వచ్చేస్తుందనీ రాశారు. అలాంటి యంత్రం మా దగ్గరే కాదు, ప్రపంచంలో ఎక్కడా లేదు. కానీ ఆ రోజుల్లో మాకు ధీమా ఎక్కువ. చైనాలో ఒక ఊరిని ముందుగానే ఖాళీ చేయించారని విన్నప్పటి నుంచి, పదేళ్లలో మేమూ చెప్పేస్తాం అనుకునేవాళ్లం. మా పెద్దాయన ఉత్తరం చదివి, "చెప్పడం సంగతి తర్వాత, ముందు వెళ్లి విని రా" అన్నారు. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. యంత్రాలు బాగుచేసే ఉద్యోగం, నోరు కాస్త ఎక్కువ.

హైదరాబాదు నుంచి బెజవాడ, అక్కణ్ణించి పాసింజరులో గుడివాడ. నేల అదురుని గీసే మా యంత్రం పెట్టెకి పన్నెండు ఓల్టుల బ్యాటరీ కావాలి. దాన్ని అంత దూరం మోయలేక, గుడివాడ స్టేషన్ దగ్గర లారీ బ్యాటరీలు చార్జి చేసే కొట్లో అద్దెకి తీసుకున్నాను. "మైకుకా అండీ?" అన్నాడు కొట్టాయన. భూమి కదిలితే వినడానికన్నాను. "వినపడితే మాకూ ఓ మాట చెప్పి వెళ్లండి" అని నవ్వాడు. మధ్యాహ్నం రైలుకి బందరు చేరి, కోర్టుల దగ్గర లాడ్జిలో ఆ పూట గడిపాను. మర్నాడు, బుధవారం, తెల్లవారుజామున అయిదింటికి, అద్దెకి మాట్లాడుకున్న మస్తాన్ గారి జీపు. ఆయనకి యాభై దాటి ఉంటాయి. పెట్టె కుదుపులకి తట్టుకోదని చెబితే, తన సీటు కింది పరుపు తీసి దానికి వేసి, తను చెక్క మీద కూర్చుని నడిపారు. చల్లపల్లి మీదుగా వెళ్లి, పులిగడ్డ అక్విడెక్టు దాటి, అవనిగడ్డలో ఇడ్లీ తిని, నాగాయలంక అవతల సముద్రం వైపున్న ఆ ఊరు చేరేసరికి ఎనిమిదిన్నరయింది. మధ్యలో రెండుచోట్ల దిగి తోయాల్సి వచ్చింది కూడా.

షెల్టర్ అంటే ఎత్తయిన సిమెంటు స్తంభాల మీద ఒకే ఒక పెద్ద గది. బడి కూడా అందులోనే. పిల్లలు మాత్రం లేరు. రూతమ్మ గారు ఎదురొచ్చి, నా కంటే ముందు నా పెట్టెకి నమస్కారం పెట్టినంత పని చేశారు. ఆవిడ వెనకాలే మరియమ్మ అనే ఆవిడ, అయిదేళ్ల కూతురు సువార్త చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"ఈవిడ పిల్లని బడికి పంపడం లేదండి. ఈవిడ పంపితే మిగతావాళ్లూ పంపుతారు" అన్నారు టీచరు గారు.

"నీళ్లు ఇద్దర్ని తీసుకెళ్లిపోయినయ్యండి. ఉన్న ఒక్కదాన్ని ఈ రాళ్ల కిందకి పంపను" అంది మరియమ్మ.

నేను పెట్టె తెరిచాను. పని మొదలుపెట్టాను. మా యంత్రంలో ఒక డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. దానికి కిరసనాయిలు దీపం మసి పట్టించిన కాగితం చుడతాం. నేల కదిలితే ముల్లు కదిలి, నల్లటి మసి మీద తెల్లటి గీత గీస్తుంది. నేల కదలికని పట్టే డబ్బాని ముందు బయట మట్టిలో పాతాను. గీత సన్నగా అలలు అలలుగా వచ్చింది. అది సముద్రం. కెరటాలు ఒడ్డున కొట్టే దెబ్బ మా ముల్లుకి ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తొమ్మిదిన్నరకి పైన చిన్న కేక వినిపించింది. వణుకు కనిపెట్టడానికి రూతమ్మ గారు గదిలో నేల మీద ఇత్తడి చెంబునిండా నీళ్లు పోసి ఉంచుతారట. ఆ నీళ్ల మీద వలయాలు లేచాయి. నా ముల్లు మాత్రం కదిలీ కదలనట్టుంది. పట్నం నుంచి మోసుకొచ్చిన పెట్టె కంటే టీచరు గారి చెంబే నయమనిపించి నాకు సిగ్గేసింది.

డబ్బాని తవ్వి తీసి స్తంభం మొదట్లో బిగించాను. ఇప్పుడు ముల్లు ఎగిరింది. అరనిమిషానికి ఒక దెబ్బ చొప్పున, అన్నీ ఒకే ఎత్తున. భూకంపం అలా ఉండదు. ముందు చిన్న అదురు, ఆనక పెద్దది, తర్వాత మెల్లగా సద్దుమణగడం. ఇంత క్రమశిక్షణ గల భూకంపాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"రోజూ వస్తుందాండీ?" అని అడిగాను.

"ఆదివారం రాదండి" అన్నారు టీచరు గారు. "ఆదివారం పొద్దున పైనే ప్రార్థన పెట్టుకుంటాం. అందుకే ఆ రోజు ఆగుతుందని మావాళ్ల నమ్మకం. ప్రార్థనకి అందరూ ఎక్కుతారు, అయిపోగానే దిగిపోతారు. సోమవారం మళ్లీ మొదలు."

జీపు బానెట్ మీద ముంజేతులు ఆనించుకుని వింటున్న మస్తాన్ గారు గొంతు సవరించుకున్నారు. "ఏవండీ, ఉత్తరంగా కాలవ మీద వంతెన కడుతున్నారు కదా. అక్కడ పెద్ద సమ్మెటతో కొట్టి పునాది గుంజలు భూమిలోకి దింపే కూలీలకి ఆదివారం సెలవండి. బందరు సినిమాకి నా జీపులోనే వస్తారు."

వంతెన ఊరికి మైలు పైనే ఉంది. దాని సంగతి అందరికీ తెలుసు. కానీ సముద్రపు గాలికి సమ్మెట చప్పుడు ఇటు రాదు. గుడిసెలు మెత్తటి ఒండ్రు మీద ఉన్నాయి కనక వాటికి అదురు తెలియదు. మేడ స్తంభాలు మాత్రం లోతున గట్టి ఇసక పొర దాకా దిగాయి. వంతెన గుంజలు దిగుతున్నదీ ఆ పొరలోకే.

నేనీ మాట చెబితే ఎవరూ నమ్మలేదు, నమ్మాల్సిన పనీ లేదు. మస్తాన్ గారి గడియారం, నాది ఒకటిగా సరిచేసి, వంతెన మేస్త్రీకి ఇమ్మని చీటీ రాసి ఆయన్ని పంపాను. పదకొండుంబావు నుంచి పావుగంట సేపు పని ఆపమని. ఊరంతా డ్రమ్ము చుట్టూ మూగింది. పదకొండుంబావు అయింది. ముల్లు దిగి, సముద్రపు అలల గీత ఒక్కటే మిగిలింది. సరిగ్గా పదకొండున్నరకి ముల్లు మళ్లీ ఎగిరింది. రూతమ్మ గారు కొంగుతో కళ్లొత్తుకున్నారు.

"అంటే దీని కాళ్లు గట్టినేల మీదున్నయ్యి కాబట్టి అదురుతుందంటారా?" అంది మరియమ్మ.

"అంతేనమ్మా. ఈ అదురుకి మేడకేమీ కాదు."

"మరి నిజం భూకంపం వస్తే ముందు చెప్తారా?"

"చెప్పలేనమ్మా. నాకే కాదు, ఇంకెవరికీ తెలియదు. తుఫాను సంగతి మాత్రం రేడియోలో ముందే చెప్తారు. అప్పుడు ఎక్కడానికి ఊళ్లో ఈ మేడ ఒక్కటే ఉంది."

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. సగం మెట్ల మీద ఉండగా దెబ్బ పడింది. గోడ పట్టుకుని ఆగి, మావైపు తిరిగి, "ఇదేనా?" అంది. "అదే. మస్తాన్ గారి సినిమావాళ్లు" అన్నారు టీచరు గారు. మరియమ్మ నవ్వి పైకెళ్లింది. వెనకాలే ఇంకో పదిమంది కదిలారు. రూతమ్మ గారు హాజరుపట్టీ తెరిచి సువార్త పేరు పిలిచారు. పిల్ల నోరు తెరిచేలోపే మరియమ్మ, "ప్రెజెంటండీ" అంది.

ఇన్నేళ్లయినా భూకంపాన్ని ముందుగా చెప్పడం ఎవరికీ చేతకాలేదు. మా పదేళ్ల ధీమా ఎప్పుడో కరిగిపోయింది. అయినా నాకు నిరాశ లేదు. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలు మొదటి చిన్న అదురుని పట్టి, పెద్దది చేరేలోగా కొన్ని క్షణాల ముందు హెచ్చరిస్తున్నాయి. ఆ కొన్ని క్షణాల్లో పిల్లల్ని బల్లల కిందకి పంపవచ్చు. ఏది భూకంపమో చెప్పడం ఎంత అవసరమో, ఏది కాదో నమ్మకంగా చెప్పడమూ అంతే అవసరమని నేను నేర్చుకున్నది ఆ ఊళ్లోనే. మీరు దివిసీమ వెళ్తే పొద్దున్నే బయల్దేరి అవనిగడ్డ మీదుగా వెళ్లండి. తీరం దగ్గర ఏ ఊళ్లో రాత్రి ఉన్నా, దిగగానే షెల్టర్ ఎక్కడుందో అడిగి, ఒకసారి పైదాకా మెట్లెక్కి రండి. అవసరం పడిన రోజు మొదటిసారి ఎక్కాలంటే కాళ్లు రావు.