గులాబీ రంగు చుక్క

వీధిలో అందరూ ఆయన్ని బీపు మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పింది లేదు. ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని ముప్ఫై మూడేళ్ళుగా రేడియోలు, టీవీలు, కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు, అంతే. తీగ ఎక్కడైనా తెగిందేమోనని మీటరు కొనలు రెండూ తగిలించి చూస్తుంటే అది బీప్‌మని కూస్తుంది. ఆ కూత పొద్దుటి నుంచీ వీధిలోకి వినబడుతూనే ఉంటుంది. ఇక మాస్టారు అనడం ఎందుకంటే, ఉత్తరం ఇచ్చిపోదామని వచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టి నాలుగు ముక్కలు నేర్పనిదే వదిలిపెట్టడు.

బుధవారం పొద్దున్న ఆయన వదినగారు ఒక పాత కంప్యూటరును బండిలో వేయించుకుని వచ్చింది. ఆవిడ రెండు వీధుల అవతల ఎంబ్రాయిడరీ షెడ్డు నడుపుతుంది. మూతపడిన కార్ఖానా ఒకటి సామాను అమ్మేస్తుంటే పన్నెండేళ్ళ కిందట కుట్టుమెషీను కొన్నది, దానితోపాటు ఈ కంప్యూటరూ వచ్చింది. ఆ మెషీను దీని మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. మెషీన్ని కలిపే కార్డు పెట్టడానికి కొత్త కంప్యూటర్లలో చోటే లేదు. వదినగారు గీసిన పూలూ తీగలూ పక్షులూ నాలుగొందలకు పైగా ఇందులోనే ఉన్నాయి.

సోమవారం నుంచి అది లేవడం లేదు. ఇంట్లో అందరూ మెషీన్ని అమ్మెయ్యమని ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. ఆవిడ కుర్చీలో కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"శనివారం మధ్యాహ్నం పాతసామాన్ల మనిషిని రమ్మన్నాను మరిదీ. ఇది లేస్తే అతన్ని పంపించేస్తా. లేవకపోతే మెషీన్ని పంపించేస్తా."

మామూలుగా అయితే ఈ వదినామరుదుల నోళ్ళకు తాళం ఉండదు. ఆవేళ మాత్రం మాస్టారు ఎకసెక్కం ఆడలేదు. శనివారం దాకా ఇంకో పని ముట్టుకోనని మాటిచ్చాడు.

మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. తెర మీద మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పుట్టిన పిల్ల ఏడ్చినట్టు కంప్యూటరు లేవగానే ఒక కూత పెట్టాలి. అదీ లేదు. మాస్టారు డబ్బా విప్పి, ముప్ఫై ఏళ్ళ దుమ్ము దులిపి, కార్డులన్నీ పీకి పక్కన పెట్టాడు. మెమరీ పలకల అంచులు రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. లాభం లేదు. మెమరీ మొత్తం తీసేసి చూశాడు. అప్పుడైనా నాకు మెమరీ లేదు మొర్రో అని మొత్తుకోవాలి కదా, కిమ్మనలేదు.

ఇలాంటప్పుడు ఆయన దగ్గర ఒక వరస ఉంది. బోర్డుకు ముందు కరెంటు అందాలి, తర్వాత బోర్డులోని గడియారం గుండెలా కొట్టుకోవాలి, ఆ తర్వాత రీసెట్ తీగ పైకి లేవాలి. ఆ మూడో తీగ పైకి లేచి 'ఇక మొదలుపెట్టు' అంటే తప్ప ప్రాసెసరు కళ్ళు తెరవదు. బుధవారమంతా కరెంటు చూశాడు, అయిదు వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. గురువారం గడియారం చూశాడు, అదీ కొట్టుకుంటోంది. రీసెట్ తీగ దగ్గర మీటరు అరవోల్టు చూపించి ఊరుకుంది. ఎవరో దాని తలమీద చెయ్యిపెట్టి నొక్కుతున్నారన్నమాట.

బోర్డు మూలమూలా వెతికితే దొంగ దొరికాడు. తేదీ, టైము గుర్తుంచే బ్యాటరీ ఉండాల్సిన మూల ఖాళీగా ఉంది. బ్యాటరీ ఎప్పుడో కారితే దాన్ని పీకేసి, అది తినేసిన రాగి దారికి బదులు ఒక నీలం వైరు అతికించారు ఎవరో. దానిమీద గోధుమరంగు పూత మందంగా పూసి ఉంది. పూత కింద పచ్చగా చిలుము కనబడుతోంది.

ఇక చూడండి, మాస్టారికి పూనకం వచ్చింది. కారిన బ్యాటరీ మురికిని కడగకుండా పైన పూత పూస్తారా? లోపల ఉన్న విషం ఇన్నేళ్ళుగా తింటూ తింటూ రీసెట్ తీగ దాకా పాకింది. చిలుము గుండా ఆ తీగ కరెంటు గ్రౌండు తీగలోకి కారిపోతోంది. కడగని గాయానికి కట్టు కట్టిన వెధవ ఎవడు, వాడికి పనినేర్పిన గురువు ఎవడు, వాడి చేతులు విరగ్గొట్టాలి! శుక్రవారం పొద్దున్న వదినగారు తొంగిచూస్తే ఆవిడ ముందూ అదే పురాణం. ఆ గాడిద నా ఎదురుపడితే ఈ బల్ల కాడ కూర్చోబెట్టి మొదటి పాఠం నుంచి చెబుతానన్నాడు. వదినగారికి నవ్వొచ్చింది కానీ శనివారం గుర్తొచ్చి ఆగిపోయింది.

పూత స్పిరిటుకు లొంగలేదు. గోళ్ళరంగు తుడిచే మందు తెమ్మని భార్యను కేకేశాడు. ఆవిడ తెచ్చి, పనేమిటో చూద్దామని పక్కనే నిలబడింది. మాస్టారు దూదిని తడిపి ఒక్కసారి రాశాడు. పైన ఏళ్ళ తరబడి మాగిన గోధుమరంగు పోయింది. దూది మీదకు చిక్కటి గులాబీ రంగు దిగింది.

మాస్టారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఈ రంగు నాది," అంది భార్య.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ తన డబ్బుతో ముచ్చటపడి కొనుక్కున్న సీసా అది. రెండుసార్లు వేసుకుందో లేదో, మాయమైంది. అప్పుడు అందరిదీ ఒకటే ఇల్లు. ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరే, తనూ, తోడికోడలైన ఈ వదినగారూ. కొత్త కోడలు నోరు తెరిచి ఏమీ అనలేదు కానీ ఆరు నెలలు తోడికోడలితో మూతి ముడుచుకునే తిరిగింది. తర్వాత పిల్లలూ వంటలూ జ్వరాలూ వచ్చి అదంతా సర్దుకుపోయింది. సీసా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సీసా ఇన్నాళ్ళూ మాస్టారి పనిముట్ల పెట్టె అడుగున ఉంది. అప్పట్లో ఆ కార్ఖానావాళ్ళ బోర్డు బాగుచేస్తూ, అతుకు మీద పూయడానికి ఏమీ దొరక్క తీసుకెళ్ళాడు. పని బాగా కుదిరిందని మురిసిపోయి, అప్పటినుంచీ సీసా అయిపోయేదాకా ప్రతి అతుకు మీదా గులాబీ చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో మూతి ముడుపులు ఎందుకో ఆయనకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఆడవాళ్ళ గొడవల్లో నాకెందుకని సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి, కొత్త పెళ్ళాం ముందు దొంగ కావడానికి మొహం చెల్లలేదు.

నిన్నటి నుంచీ తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ కారుకూతలు తనకే తగిలి మాస్టారి తల దించుకుపోయింది. భార్య వైపు చూడలేక దూదినే చూస్తూ, "నేనే తీశాను," అన్నాడు.

ఆవిడ ఆ దూది తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. కోప్పడినా బాగుండేది.

"నేను అక్కతో ఆరునెలలు సరిగ్గా మాట్లాడలేదండీ," అంది చివరికి. "ముందు దీన్ని లేపండి. లేచినా లేవకపోయినా రేపు అక్కకు మీరే చెప్పాలి."

ఆ రోజంతా ఆయన నోట్లోంచి పాఠం ఒక్కటి రాలేదు. పూత అంతా తుడిచాడు. చిలుము మీద వెనిగర్ వేసి, నురగ ఆగేదాకా పాత పళ్ళబ్రష్షుతో తోమాడు. నీళ్ళతో కడిగి, మళ్ళీ స్పిరిటుతో కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టాడు. తిన్నంత మేరా దారిని గీకి, కొత్త వైరు అతికించాడు. మీటరు బీప్‌మంది. అది చాలదు, తీగ కలిస్తే బోర్డు లేచినట్టు కాదని ఆయనకు తెలుసు. భయం వేసింది, మీట నొక్కకుండా పడుకున్నాడు.

శనివారం పన్నెండు కావస్తుండగా వదినగారు వచ్చింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, తీర్పు వినడానికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది. కార్డులన్నీ వాటి వాటి చోట్ల గుచ్చి, మాస్టారు మీట నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. వదినగారు సంచి సర్దుకుంది. అప్పుడు పెట్టింది కూత. సన్నగా, పొట్టిగా, ఒక్కటే. తెర మీద తెల్లటి అంకెలు మెమరీ లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాయి. కాసేపటికి వదినగారి పూలూ తీగలూ వరసగా పేర్లతో సహా వచ్చి నిలబడ్డాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"అవును మరిదీ, ఇంతకీ ఆ గాడిద ఎవడో తెలిసిందా?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"తెలిసింది వదినా. నేనే."

ఎక్కడా దాచకుండా చెప్పాడు, బోర్డు సంగతీ, సీసా సంగతీ, ఆరునెలలు నోరు కుట్టేసుకున్న సంగతీ. ఆ నింద మీరు మోశారు, నన్ను క్షమించండి అన్నాడు. వదినగారు వింటూ తెరమీద పూలను చూస్తూ ఉంది.

"నాకు అప్పుడే తెలుసు," అంది. "అన్నం తింటుంటే నీ బొటనవేలి గోటికి గులాబీ రంగు. నేను చూడలేదనుకున్నావా?"

"మరి చెప్పలేదేం అక్కా?" అంది భార్య గుమ్మంలోంచి.

"కొత్తగా వచ్చిన పిల్లవి. మొగుడు దొంగ అని నేనెందుకు చెప్పాలే? తోడికోడలి మీద అనుమానమైతే ఎప్పటికైనా పోతుంది."

మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడవక్కర్లేకపోయినా తుడిచాడు. భార్య లోపలికి వెళ్ళి తన గోళ్ళరంగు సీసా తెచ్చింది. ఇది ఎర్రది. కంప్యూటరు ఆపించి కొత్త అతుకు మీద ఒక చుక్క పెట్టింది, ఈసారి అడుగున అంతా శుభ్రంగా ఉంది. తర్వాత తోడికోడలి పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, ఆవిడ చెయ్యి తీసుకుని బొటనవేలితో మొదలుపెట్టింది. ఈ వయసులో నాకెందుకే అంటూనే వదినగారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఎనిమిదో వేలు అవుతుండగా ఆవిడ సంచిలో ఫోను మోగింది. పాతసామాన్ల మనిషి షెడ్డు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తడి గోళ్ళతో ఫోను పట్టుకోవడం ఎలా?

"నువ్వే చెప్పు మరిదీ," అంది వదినగారు రెండు చేతులూ గాలిలో పట్టుకుని.

మాస్టారు ఫోను తీసి, మెషీను అమ్మడం లేదని చెప్పాడు.