అమ్మ పారబోసిన మందు

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు మా అమ్మను చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు మధ్యాహ్నానికి వచ్చి మంచమెక్కించేది. మిర్యాలగూడలో క్వినైను బిళ్లలు దొరకలేదు. నేలవేము ఆకు కషాయం గ్లాసెడు తాగిస్తే తాగినంతా కక్కేసేది. అమ్మ బతకదేమోనని మొదటిసారి భయపడ్డాను.

అప్పటికి నేను సూర్యాపేటలో ఒక కంపౌండరు దగ్గర మందులు కలపడం నేర్చుకుంటున్నాను. గ్లాసెడు కషాయాన్ని కందిగింజంత చేయాలంటే నీళ్లతో కాదని, ఆకును గట్టి సారాలో నానబెడితే చేదంతా అందులోకి దిగుతుందని, తర్వాత సారాను ఆవిరి చేసేయాలని ఆయన చెప్పాడు. సీసాతో సారా తీసుకుని మా ఊరు వేములపల్లికి వచ్చాను. చిక్కల్లా ఒక్కటే. మా నాన్నను తిన్నది సారానే. ఆయన పోయినప్పటి నుంచి అమ్మ ఆ వాసనను గడప దాటనివ్వలేదు. అందుకని ఆకును సారాలో నానేసిన జాడీని గడ్డివాము వెనక దాచాను.

ఐదో రోజు చూస్తే జాడీ బోర్లించి ఉంది. బర్రెకు గడ్డి కోసం వెళ్లి అమ్మ వాసన పట్టింది. ఆకును మాత్రం మూడు నీళ్లలో కడిగి చేటలో ఆరబోసింది.

"మందు పారెయ్యలే బిడ్డా. ఆ పాడు నీళ్లే పారబోసిన. ఆకు పదిలంగ ఉంది, సూడు" అంది.

బూడిదలో పోసిన పన్నీరంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఒళ్లు మండింది. కానీ పట్టిన పట్టు విడవకపోవడం నాకు ఆమె నుంచే వచ్చింది.

"మల్ల నానబెడ్త. ఈసారి నీ కండ్ల ముందే" అన్నాను.

"సస్తె సస్త గని సారా నోట్లె పెట్ట."

"దాంట్ల సారా ఉండదమ్మా. ఉంటె మంటకు అంటుకుంటది. నువ్వే అగ్గిపుల్ల పెట్టి సూడు."

మళ్లీ కొత్త ఆకు, మళ్లీ ఐదు రోజులు. వడగట్టి, బొగ్గుపొడి కలిపి మళ్లీ వడగడితే పచ్చదనాన్ని బొగ్గు పట్టేసింది. పొయ్యికి దూరంగా, వేడినీళ్ల గిన్నెలో పళ్లెం పెట్టి, నీళ్లు చల్లారినప్పుడల్లా మారుస్తూ సారాను ఎగరగొట్టాను. అడుగున గోధుమరంగు జిగురు మిగిలింది. అమ్మ అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టింది. అంటుకోలేదు. ఇంకోటి గీసింది. మూడో పుల్ల ఆరిపోయాక చెయ్యి చాపింది.

కందిగింజంత ఉండ కడుపులో నిలిచింది. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాస్త తగ్గుతూ వచ్చింది. నాలుగోసారి జ్వరం వంతు వచ్చిన రోజున అమ్మ బొంత ఒళ్లో పెట్టుకుని చలి కోసం కూర్చుంది. ఎండ వాకిలి దాటి పోయింది. చలి రాలేదు. బొంత మడత పెట్టి లేచి, నాకు అన్నం పెట్టింది.

"మీ నాయన ఒంట్లకెల్లి గూడ సారాను గిట్లనే తీసేటోళ్లుంటె బాగుండు బిడ్డా" అంది.

చేతిలో ముద్ద పట్టుకునే ఏడ్చాను.