పైపు దగ్గిన పొద్దు

కుందుర్పి దగ్గర మా ఊళ్లో అంజనమ్మకు ఉన్నవి ఒక చీనీ (బత్తాయి) తోట, ఒక బోరు, పదిహేనేళ్ల కూతురు హేమలత. భర్త పోయినప్పటి నుంచి ఈ మూడింటిలో దేన్నీ నమ్మి ఒక పూట నిశ్చింతగా ఉండలేదామె.

ఆ బోరు కాసేపే నీళ్లిస్తుంది. తరువాత పైపు దగ్గి గాలి కక్కుతుంది. వెంటనే ఆపకపోతే మోటరు కాలిపోతుంది. ఇది హేమలతకు బాగా తెలుసు. ఎండాకాలాల్లో మోటరు ఆపేది తనే.

మొన్నామధ్య తల్లి ఉపాధి పనికి పోయిన పొద్దున, స్నేహితురాళ్లు తోటకు వచ్చారు. పైపు కింద తడుస్తూ ఫోన్‌లో వీడియోలు తీసుకున్నారు. పైపు దగ్గింది. "ఇంకొక్కటి తీద్దాం ఉండే" అన్నది ఒకతె. స్టార్టరు పక్కనే ఉన్నా హేమలత కదల్లేదు. మోటరు కాలింది.

"ఇనపడలేదా?" అని అడిగింది తల్లి.

"ఇనపడిందిమా."

"మరి యాల ఆపలే?"

"తెలీదు."

ఆ మాటే అంజనమ్మను కాల్చింది. పక్కింటి మా అరుగు మీద కూర్చుని, "తెలీక చేసింటే పోనీలే అనుకుందును. తెలిసీ చేసి, అడిగితే తెలీదంటాదన్నా" అంది.

నేను చదివింది చెప్పాను. ఈ వయసులో మెదడులో ఉత్సాహం కోరే భాగం ముందు జోరందుకుంటుంది, ఆగి ఆలోచించమనే భాగం మెల్లగా తయారవుతుంది. తోటివాళ్లు చూస్తుంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఒంటరిగా ఉంటే ఆపేదేమో అన్నాను.

"ఎప్పటికి తయారవుతాది?"

"ఇరవై అయిదు దాకా పడుతుందంటారు."

"అందాక చెట్లు ఆగుతాయా?"



మోటరు పైకి తీసే బండి వారమైనా రాలేదు. ఆకులు ముడుచుకున్నాయి. దప్పిగొన్న చెట్టు కాయను మోయలేదు. ఏడాది పంటంతా పచ్చిగా తెంపేయడానికి అంజనమ్మ మనసు రాయి చేసుకుంది. కూతుర్ని పిలిచింది.

"ఒక్క కాయా ఇడిసిపెట్టొద్దు. చెట్టన్నా బతకనీ."

నేనూ ఒక చేయి వేశాను. హేమలత వెక్కుతూనే తెంపింది. ఇంతలో ఫోన్ మోగింది. తీసి చూసి, ఏదో చదువుకుని నవ్వింది.

అంజనమ్మ చేతిలో కొమ్మ విరిగింది.

"మొగం మింద ఏడుపన్నా ఆరలే, చూడన్నా."