గీత దిగని వారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ ఎప్పుడూ అలసిపోయే ఉండేవాళ్లు. వెనక్కి తిరిగి చూసుకుంటే ముందుగా గుర్తొచ్చేది అదే. మా నాన్న మహారాష్ట్రలో, చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ బొగ్గు గనిలో పని చేసేవాడు. షిఫ్టు దిగి చంద్రపూర్‌లోని మా రెండు గదుల అద్దె ఇంటికి వచ్చి, చెప్పులు విడిచిన చోటే గోడకు ఆనుకుని కాసేపు కూర్చుండిపోయేవాడు. అమ్మకు ఇంటిపనితో పాటు ఇరుగుపొరుగు వాళ్లకు జాకెట్లు కుట్టే పని. తాతయ్య పోయాక, రాజురా దగ్గరి పల్లెలో ఏళ్ల తరబడి చేను చేసిన మా నాయనమ్మ మా దగ్గరికి వచ్చింది. చేతికి పని లేకపోవడం ఆమెకు ఏ పని కన్నా బరువుగా ఉన్నట్టుండేది.

బొగ్గు దొరికే ఊరు కాబట్టి వంట బొగ్గుల పొయ్యి మీదే. ఆ పొగకు అమ్మకు దగ్గు పట్టుకుంది. పొగ మానకపోతే లాభం లేదన్నాడు డాక్టరు. నాన్న గ్యాసుకు పేరు రాయించి ఏళ్లు గడిచాక, నేను అయిదో తరగతిలో ఉండగా, మా ఇంటికి ఎర్రటి సిలిండర్ వచ్చింది. అమ్మ ఆ రోజే బొగ్గుల పొయ్యిని ఎవరికో ఇచ్చేసింది. బజారులోకి అప్పుడప్పుడే రంగు టీవీలు, రకరకాల కొత్త సబ్బులు వస్తున్నాయి. గ్యాసు మాత్రం అడిగిన వెంటనే దొరికేది కాదు. మాకున్నది ఒక్కటే సిలిండర్. అయిపోయాక నంబరు రాయిస్తే, నిండుది రావడానికి మూడు వారాలో నెలో పట్టేది.

మొదటిసారి అన్నం సగం ఉడికుండగా మంట ఆరిపోయింది. నెలంతా అమ్మ గిన్నెలు పట్టుకుని పక్కిళ్లకు వెళ్లి, వాళ్ల వంట అయ్యేదాకా గుమ్మంలో నిలబడి, ఆ తర్వాత వండుకొచ్చింది. దగ్గును ఓర్చుకున్నంత తేలిగ్గా ఆమె అలా నిలబడటాన్ని ఓర్చుకోలేకపోయింది.

అప్పుడు పక్కింటి అక్క ఒక ఉపాయం చెప్పింది. తడిబట్టతో సిలిండర్‌ను పైనుంచి కిందిదాకా తుడిచి కాసేపు ఆగాలి. ఖాళీ అయిన పైభాగం తొందరగా ఆరిపోతుంది. గ్యాసు ఉన్న మేరకు తడి నిలిచి ఉంటుంది. ఆ తడి అంచున సుద్దముక్కతో గీత గీస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. "సగం కంటె కిందికి దిగంగనే నంబరు రాయించుండ్రి. ఎవ్వరింటికీ పోయే పనుండది," అన్నది.

ఆదివారం ఆదివారం పొద్దున్నే తుడిచి గీత గీసే పని నాకు దక్కింది. గీత వారానికి మూడు వేళ్ల వెడల్పు కిందికి దిగేది. అమ్మ పప్పు ముందే నానబెట్టి, గిన్నెల మీద మూతలు పెట్టి వండడం మొదలుపెట్టాక రెండున్నర వేళ్లకు వచ్చింది. "నా బిడ్డ ఉండవట్టి నాకొక్క చింత తప్పింది," అన్నది అమ్మ. ఆమె నోటి నుంచి అలాంటి మాట రావడం అరుదు. ఇంకోసారి వినాలని నాకు ఆశ పుట్టింది. ఆ ఆశతోనే పొయ్యికి కాపలా కాయడం మొదలుపెట్టాను.

చలికాలం వచ్చింది. పొద్దున అమ్మ వీధి నల్లా దగ్గర బిందెలతో వరుసలో ఉండే సమయానికి, నాయనమ్మ తన స్నానానికి తానే నీళ్లు కాచుకునేది. తర్వాత చాయ్, మధ్యాహ్నం ఇంకోసారి చాయ్. ఒక రోజు ఆమె పొయ్యి వెలిగించబోతుంటే నేను అడ్డం వెళ్లాను.

"నీ నీళ్లకే వారానికి ఒక వేలు గ్యాసు పోతుంది నాయనమ్మా," అన్నాను వేలు చూపించి.

"గంతనా?" అన్నది. నా వేలి వంకా, సిలిండర్ వంకా చూసింది. "సరే తియ్యి బిడ్డా," అని అగ్గిపెట్టె పక్కన పెట్టేసింది. కోపం రాలేదు. అందుకే నేను తప్పు చేశానని నాకు తెలియలేదు.

తర్వాతి ఆదివారం గీత ఒక వేలున్నర కూడా దిగలేదు. కుట్టుమిషను దగ్గరున్న అమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. అమ్మ మెచ్చుకోలేదు. మళ్లీ తుడవమంది. తడి అక్కడే నిలిచింది.

"ఈ వారం మీ నాయనమ్మ నీళ్లు కాగవెట్టుకుందా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే అమ్మ లోపలి గదిలోకి వెళ్లింది. అంత పొద్దెక్కినా నాయనమ్మ దుప్పటి కప్పుకుని పడుకునే ఉంది. నుదురు కాలిపోతోంది. వారమంతా చన్నీళ్లే పోసుకుందట. చాయ్ కూడా మానేసిందట.

"ఎందుకత్తమ్మా గిట్ల జేసినవ్?"

నాయనమ్మ నా పేరు ఎత్తలేదు. "గ్యాసు మిగిలితె నువ్వు మంది ఇండ్లకు పోవుడు తప్పుతది గదా బిడ్డా," అన్నది.

నా చేతిలో తడిబట్ట అలాగే ఉంది. నేనే వద్దన్నానని చెప్పాను. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. గడప మీద కూలబడింది. "గ్యాసు మిగిలింది జూసినవ్ గనీ, ఎవ్వరు చలికి వణికితె మిగిలిందో జూడలే," అన్నది. లేచి పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టింది. కాగాక నన్నే తీసుకెళ్లమంది. ఆ నీళ్లలో బట్ట ముంచి నాయనమ్మ చేతులూ పాదాలూ తుడిచాను. చేలో పనికి పగిలిన ఆ మడమలను నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

జ్వరం పది రోజులు తగ్గలేదు. గంజి, కషాయం, వేన్నీళ్లు అంటూ పొయ్యి వెలుగుతూనే ఉంది. నేను మిగిల్చిందంతా రెండు మూడు రోజుల్లోనే కరిగిపోయింది. నంబరు రాయించినా నిండు సిలిండర్ రాకముందే ఉన్నది అయిపోయింది. అమ్మ మళ్లీ గిన్నె పట్టుకుని పక్కింటికి బయలుదేరింది. ఆమె వెళ్తుంటే చూడలేక తలుపు వెనక్కి జరిగాను.

నాయనమ్మ కోలుకుంది. ఆ తర్వాత రెండేళ్లు బతికింది. కానీ ఒక్క రోజు కూడా తన నోటితో వేన్నీళ్లు కావాలని అడగలేదు. కాచుకుందువు రమ్మన్నా పొయ్యి దగ్గరికి వచ్చేది కాదు. ఎంత బతిమాలినా, "ఏం వద్దు తియ్యి," అనేది. నేను అన్న ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకునే దారి నాకు దొరకలేదు.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది, నా ఇల్లు నేను పొదుపుగానే నడుపుతాను. ఏ నెలైనా గ్యాసు ఎక్కువ రోజులు వస్తే సంతోషించే ముందు ఇంట్లో వాళ్ల ముఖాలు ఒకసారి చూస్తాను. మా అత్తగారు మంచాన ఉన్న రోజుల్లో వేన్నీళ్లు కావాలా అని నేను ఆమెను ఎప్పుడూ అడగలేదు. అడిగితే వద్దనే అంటారని నాకు తెలుసు. కాచి, బకెట్‌లో చన్నీళ్లు కలిపి, మంచం పక్కన పెట్టి, అప్పుడు పిలిచేదాన్ని.