ఉత్తుత్తి రథమట!

తాడేపల్లిగూడెంలో డేరా వేసిన టాకీ యజమాని, తను ఆడించే సినిమా బొమ్మలో కృష్ణుడు తోలే రథం అచ్చుగుద్దినట్టు చేసిపెట్టమన్నాడు. మూడు ఆటలు చూసి, చక్రాల ఆకులు సైతం లెక్కపెట్టుకుని నెల రోజులు చెక్కాను. ఈ ఉదయం దానికి ఎడ్లను కట్టి, ఆటకు జనాన్ని పిలవడానికి వీధుల్లో తిప్పారు.

ఇంకేముంది! ఆడవాళ్లు బిందెలతో వచ్చి రథం ముందు నీళ్లు పోశారు, హారతులిచ్చారు, కొబ్బరికాయలు కొట్టారు. సాయంత్రం డేరాలో మాత్రం పదిమంది లేరు. ఆటకు రాలేదేమని అడిగితే ఒకావిడ, "స్వామి మా వీధికే వచ్చాడు కదండీ, మళ్లీ డేరాకెందుకండీ?" అందట.

యజమాని నామీద విరుచుకుపడ్డాడు.

"అంత నిజంగా ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని?"

"అచ్చం అలాగే ఉండాలన్నది మీరే కదండీ!" అన్నాను.

రేపు దానిమీద 'ఇది ఉత్తుత్తి రథం' అని పెద్దక్షరాలతో రాయాలట, అదీ నా చేత్తోనే! చచ్చినా రాయను. నెల రోజులూ దాని చెక్కపొట్టు ఊడ్చి పారబోసిన మా ఆవిడే ఈ ఉదయం దానికి దండం పెట్టింది. ఇక అది ఉత్తుత్తిది ఎలా అవుతుందో మీరే చెప్పండి.