చప్పుడు చెయ్యని డిస్కు

వీధిలో అతన్ని అందరూ రెండు కాపీలాయన అంటారు. ఫోను పాడై పిల్లాడి మొదటి అడుగుల వీడియో పోయిందని ఎవరైనా వచ్చి బావురుమంటే, అయ్యో అనేలోపే "మరి రెండో కాపీ ఏదీ?" అని అడుగుతాడు. ఓదార్పు ఆ తర్వాత, అదీ గుర్తుంటే. అందుకని జనం అతనికి కష్టం చెప్పుకోవడం మానేసి, పేరు మాత్రం ఖాయం చేశారు. అతనికది బిరుదులా వినపడేది. బిరుదు కాదు, ఎగతాళి అని భార్య చెప్పేదాకా తెలియలేదు.

వృత్తికి రికార్డిస్టు. ఇంటి ముందుగదే స్టూడియో. గోడలకి పాత పరుపులు కొట్టి, తలుపు అంచులకి రబ్బరు అతికించి, మధ్యలో ఒక మైకు నిలబెట్టాడు. ప్రకటనలు చెప్పేవాళ్లు, పాఠాలు చదివేవాళ్లు, ఫోన్లో "దయచేసి వేచి ఉండండి" అనే అమ్మాయి, ఇలా ఎవరెవరో వచ్చి చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోతారు. అసలు పని వాళ్లు వెళ్లాకే మొదలవుతుంది. ఊపిరి పీల్చిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, పెదాలు తడుపుకున్న చప్పుడు, అన్నీ ఏరి ఏరి కోసేయాలి. ఇంత బతుకూ బతికి ఏం సాధించావురా అని తనని తాను ప్రశ్నించుకున్నప్పుడల్లా అతనికి దొరికే జవాబు ఒకటే. నలుగురి దగ్గులూ తీసేశాను.

అలాంటి మనిషికి దొరికిన భార్య ఏ మాటైనా ఒక గదిలో నిలబడి ఇంకో గదిలోకి చెప్పే మనిషి. పక్కనే ఉన్న మనిషితో కూడా అవతలి గట్టు మీదున్నవాళ్లని పిలిచినట్టు మాట్లాడేది. తిట్టేటప్పుడే కాదు, ముద్దొచ్చినప్పుడూ అదే స్థాయి. తలుపుకి అతికించిన ఆ రబ్బరు నిజానికి వీధి గోల కోసం కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నిరుడు ఆవిడ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. జలుబు కాదని తేలేసరికి ఆపరేషన్ తప్ప దారి లేకపోయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు ఆవిడ మెడలో ఒక ప్లాస్టిక్ పలక వేలాడుతూ ఉంటుంది. రాసి చూపిస్తుంది, చెరిపేస్తుంది. పలక మీద కూడా అరిచినట్టే రాస్తుంది, ఒక్కో అక్షరం అరచెయ్యంత.

మాట పోయినవాళ్లకి మళ్లీ మాట్లాడటం నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఆసుపత్రిలో ఉంది. ఇద్దరూ వెళితే ఆవిడ ఒక ట్యాబ్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇందులో టైపు చేస్తే ఇదే పైకి చదువుతుందండీ. ఇలా," అని ఏదో కొట్టింది. ట్యాబ్ తియ్యగా, చల్లగా, ఎవరికీ ఏమీ కాని గొంతుతో "నాకు మంచినీళ్లు కావాలి" అంది.

రికార్డిస్టు భార్య పలక అందుకుంది. "ఈ పిల్లెవరు? నాకొద్దు" అని రాసింది. దాని కింద గీత కూడా కొట్టింది.

"మరైతే దీనికి మీ గొంతే నేర్పించొచ్చు. మీరు మాట్లాడిన పాత రికార్డింగులు కావాలి. అక్కడక్కడా ఓ ముక్క దొరికితే చాలదు, కొన్ని గంటల మాటలుండాలి. ఉన్నాయా?"

ఆ ప్రశ్న తనని అడిగినందుకు రికార్డిస్టు నవ్వాపుకోలేకపోయాడు. "ఉన్నాయా అంటారేమిటండీ! మీరు అడుగుతున్నది ఎవర్నో తెలుసా?" అని కుర్చీలో కాస్త వెనక్కి వాలాడు. తర్వాత రోజుల్లో ఆ వాలడం గుర్తొచ్చినప్పుడల్లా అతనికి ఆ కుర్చీ విరిగి కిందపడి ఉంటే బాగుండేదనిపించింది.

ధీమాకి కారణం లేకపోలేదు. చూపులేని పిల్లల బడి కోసం ఆవిడ ఒకప్పుడు లావుపాటి కథల పుస్తకం మొత్తం చదివి పెట్టింది. అదే మైకు ముందు, గొంతు తగ్గించుకుని, పొందిగ్గా. అతను దాన్ని దగ్గుకి దగ్గు తీసి, కడిగిన గాజు గ్లాసులా తయారుచేశాడు. తయారుచేసి, తన దృష్టిలో లోకంలోకెల్లా భద్రమైన చోట దాచాడు. దాచినది ఒక ఎస్‌ఎస్‌డీలో.

డిస్కుల్లో రెండు రకాలు. పాతరకం హార్డ్ డిస్కులో నిజంగానే ఒక బిళ్ల గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఒక చిన్న చెయ్యి దాని మీద అటూ ఇటూ కదులుతూ రాస్తుంది, చదువుతుంది. చెయ్యి జారి కింద పడేశామా, అంతే సంగతులు. ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ ఉండదు. ఫోన్లో వేసుకునే మెమరీ కార్డుకి పెద్దన్న లాంటిది. ఆ మధ్య పైవాటాలో ఉండే బావమరిది "రెంట్లో ఏది కొనమంటావు బావా?" అని అడిగిన పాపానికి, సాయంత్రమంతా కూర్చోబెట్టి ఊదరగొట్టాడు. వేగం, బరువు, పడినా పగలకపోవడం. చెప్పినవన్నీ నిజాలే. అసలు నిజం ఒక్కటి చెప్పలేదు. హార్డ్ డిస్కు గుర్రుమంటుంది, ఉండుండి టక్కుమంటుంది, ఆ టక్కు మైకులో పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నోరెత్తదు. చెవులతో బతికే మనిషి డిస్కుని కూడా చెవులతోనే ఎంచుకున్నాడు. చప్పుడు చెయ్యడం లేదంటే లోపల అంతా సవ్యంగా ఉన్నట్టే అని నమ్మాడు.

నమ్మి ఏం చేశాడయ్యా అంటే, ఏళ్ల తరబడి పనికి వాడి వాడి అరగదీసిన ఎస్‌ఎస్‌డీని రిటైర్ చేసి, దాంట్లో ఆ కథలు ఎక్కించి, మేడ మీద రేకుల గదిలోని బీరువాలో పెట్టి తాళం వేశాడు. స్టూడియోలోని పాత హార్డ్ డిస్కులో ఉన్న కాపీ చెరిపేశాడు. చోటు కలిసొస్తుందని.

బీరువా తీసినప్పుడు భార్య, బావమరిది ఇద్దరూ వెనకే ఉన్నారు. అతను డిస్కుని చొక్కాకి తుడిచి, ఉఫ్ అని ఊది, కిందికి తెచ్చి కంప్యూటర్‌కి తగిలించాడు. ఏమీ కాలేదు. తీసి మళ్లీ తగిలించాడు. వైరు మార్చాడు. చివరికి కంప్యూటర్ ఎంతో వినయంగా అడిగింది, ఈ డిస్కు ఖాళీగా ఉంది, కొత్తగా సిద్ధం చేయమంటారా అని.

పాపం బావమరిదికి వెటకారం చేతకాదు, నిజంగా సాయం చేద్దామనే అడిగాడు. "పోనీలే బావా. రెండో కాపీ ఏదీ?"

వీధి వీధంతా అరువు తెచ్చుకున్న ఆ మాట మొదటిసారి సొంతదారు ఇంటికొచ్చింది.

పోయిన డేటా తీసిచ్చే దుకాణానికి పట్టుకెళ్లాడు. అక్కడి అమ్మాయి డిస్కుని నాలుగు రోజులు ఉంచుకుని తిరిగిచ్చేసింది. ఎస్‌ఎస్‌డీలో రాసినదంతా లోపల కాస్త కాస్త కరెంటుగా నిలవుంటుందని, బాగా అరిగిన దాన్ని వేడిలో, ఏళ్ల తరబడి కరెంటు చూపించకుండా ఉంచితే అది మెల్లగా కారిపోవచ్చని చెప్పింది. "నాకు తెలుసండీ," అన్నాడతను. అదే ఘోరం, నిజంగానే తెలుసు. ఎక్కడో చదివి, పదిమందికి చెప్పాడు కూడా. తన బీరువాకి మాత్రం చెప్పలేదు. హార్డ్ డిస్కయితే చచ్చే ముందు మూలుగుతుంది, టకటకలాడుతుంది, నాకు బాగోలేదు మొర్రో అంటుంది. ఇది పల్లెత్తు మాట అనకుండా పోయింది. ఆ గుణం చూసే కదా తను మురిసింది!

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. పలక నిండా పెద్దపెద్ద అక్షరాలు పడతాయనుకున్నాడు. ఆవిడ పలక తీసింది, మూత తీసిన కలం కాసేపు పట్టుకుంది, ఏమీ రాయకుండా మూత పెట్టేసింది. ఆ ఖాళీ పలక చూశాక అతనికి అన్నం సహించలేదు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. చిన్నప్పట్నుంచీ కోరుకున్న నిశ్శబ్దమే అది, మచ్చలేనిది. అతనికి భయమేసింది.

మర్నాడు కాఫీ గ్లాసుతో పాటు పలక కూడా వచ్చింది. "నా అరుపులు ఎక్కడ పారేశారు?"

"ఏ అరుపులు?"

ఆవిడ చేత్తో మూసిన తలుపు చూపించింది, తర్వాత మైకు చూపించింది, తర్వాత రెండు వేళ్లతో కత్తెర ఆడించింది.

అప్పటికి అర్థమైంది అతనికి. ఈ వృత్తిలో వాళ్లు కోసిన ముక్కని పారేయరు. ఎప్పుడైనా ఒక మాట మధ్యలో అక్షరం విరిగితే అతకడానికి పనికొస్తుందని దాస్తారు. అతనూ దాచాడు, చెత్త అని పేరు పెట్టి, చప్పుడు చేసే ఆ పాత హార్డ్ డిస్కులో. ఎవరు మైకు ముందు కూర్చున్నా, తలుపు అవతలి నుంచి ఆవిడ మాట పడని రోజు లేదు. పడిన ప్రతిసారీ ఆ ముక్క అటే వెళ్లింది.

"కానీ ఆ డబ్బాని ఇనప సామాన్లవాడికి ఇచ్చేయమన్నాను కదోయ్," అన్నాడు నీరసంగా.

ఆవిడ వంటింట్లోకి వెళ్లి, గిన్నెల వెనకనుంచి పాత స్వెట్టర్‌లో చుట్టిన మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. "పనిచేసేదాన్ని ఎలా ఇస్తాం?" అని రాసింది. వస్తువుల విషయంలో ఆవిడ న్యాయం అంతే. మనుషుల విషయంలో కూడా అంతే కాబట్టి, తను ఇంకా ఈ ఇంట్లో ఉన్నాననుకున్నాడు అతను.

తగిలించాడు. ముందు ఏమీ లేదు. తర్వాత ముసలాయన మంచం మీంచి లేచినట్టు ఒక మూలుగు. తర్వాత గుర్రు. టక్. టక్. మళ్లీ గుర్రు. జీవితమంతా ఏ చప్పుడునైతే తిట్టుకున్నాడో దాన్ని వింటూ, ఆగకే తల్లీ, ఆగకే అని డిస్కుని బతిమాలాడు. వినడం తర్వాత, ముందు కాపీ. ఒకటి కాదు, రెండు. రెండోది అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు, బావమరిదిని ఆ గదిలో తుమ్మనివ్వలేదు.

అప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఒకాయన గంభీరంగా పెయింట్ల ప్రకటన చెబుతుంటాడు, అవతలనుంచి "ఏమండీ! మోటారు కట్టారా లేదా? నీళ్లు వీధిలోకి పోతున్నాయి!" ఒకామె పాఠం చదువుతుంటుంది, "మీ చెల్లెలు ఫోను! ఎత్తరేం?" ఒకటి కాదు, పది కాదు, గంటలకి గంటలు. గ్యాసు, కరెంటు బిల్లు, తడి తువ్వాలు, చల్లారిపోతున్న అన్నం. ప్రతి దాని వెనకా తన సొంత గొంతు కూడా ఉంది. "సారీ సార్, ఇంటి గోల. మళ్లీ తీసుకుందాం." ఆ గొంతు వింటుంటే వాడి చెంప పగలగొట్టాలనిపించింది. వాడు తనే కావడంతో ఊరుకున్నాడు.

మధ్యలో కొన్ని ముక్కలు అస్సలు వినపడలేదు. మైకుకి అందీ అందని గుసగుస. ధ్వని పెంచి విన్నాడు. "ష్... మెల్లగా మాట్లాడమ్మా, లోపల ఆయన పని చేసుకుంటున్నారు." పాలావిడతో. "గేటు నెమ్మదిగా వెయ్యండి బాబూ, రికార్డింగు నడుస్తోంది." గ్యాసు కుర్రాడితో. అరుపులకన్నా అవే ఎక్కువున్నాయి. రోజూ, ఏళ్ల తరబడి, అందరినీ నోరు మూయించింది ఆవిడే. వాటినీ చెత్తలోకే తోశాడు. అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, ముఖం కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ వారం బావమరిది మళ్లీ అడిగాడు. "ఇప్పుడు చెప్పు బావా. ఏది కొనమంటావు?"

"రెండూ కొను. రెండింట్లోనూ దాచు. అప్పుడప్పుడూ రెండూ తీసి, కరెంటిచ్చి, ఉన్నాయో లేదో నీ కళ్లతో చూసుకో. దాచేశాను కదా అని దణ్ణం పెట్టి ఊరుకోకు. ఇంకో మాట. ఏది మంచిదని నన్ను మాత్రం అడక్కు."

ముక్కలన్నీ ఆసుపత్రికి చేరాయి. గుసగుసలు గొంతు నేర్పించడానికి పనికిరావని డాక్టరమ్మ ముందే చెప్పింది, స్పష్టంగా పలికినవే కావాలంది. స్పష్టంగా పలికినవంటే అరుపులే. కొన్నాళ్లకి రమ్మని కబురొచ్చింది. భార్యాభర్తలిద్దరూ వెళ్లి పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ ట్యాబ్ అందుకుని, మెల్లగా వేలితో టైపు చేసి, నొక్కింది.

"మీకు చాలా థాంక్సమ్మా!"

డాక్టరమ్మ చేతిలోని పెన్ను కింద పడింది. థాంక్స్ చెప్పినట్టు లేదు, మోటారు కట్టమన్నట్టుంది. అది ఆవిడే. అచ్చంగా, పూర్తిగా ఆవిడే.

డాక్టరమ్మ ఇబ్బందిగా నవ్వింది. "నేర్చుకున్నవన్నీ కేకలే కదండీ, అందుకని ఏం చెప్పినా ఇలాగే వస్తోంది. కానీ సరిచేయొచ్చు. కాస్త తగ్గించి, పదును తీసేసి, నున్నగా చేస్తే బాగుంటుంది. మీకు తెలిసిన పనే కదా సార్, ఏమంటారు?"

తెలిసిన పనే. ఎక్కడ కోయాలో, ఎంత కోయాలో ఆ ఒక్క వాక్యం వినగానే అతని చెవికి తెలిసిపోయింది. నోరు తెరిచాడు. ఆ గొంతు తనది కాదని తట్టి, మూసేశాడు. భార్య వైపు తిరిగాడు. "నీ ఇష్టమోయ్. ఏం చేయమంటావు?"

ఆవిడ ఈసారి చాలాసేపు టైపు చేసింది. చెరిపి మళ్లీ కొట్టింది. నొక్కింది.

"ఉండనివ్వు తల్లీ! ఇన్నేళ్లూ తలుపు అవతలే ఉన్నాను! ఇప్పుడైనా లోపలికి రానీ!"

కోపం లేని మాట. కోపంగా తప్ప పలకడం రాని ఆ గొంతులో అది వినేసరికి రికార్డిస్టుకి ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లాడిలా, చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటూ, ఏ రికార్డింగులోనూ ఉంచడానికి వీల్లేనంత చప్పుడు చేస్తూ ఏడ్చాడు. ఆవిడ ఒక చేత్తో అతని వీపు రాస్తూ, రెండో చేత్తో టైపు చేసింది.

"ఊరుకోండి! బయట జనం కూర్చున్నారు, వింటారు!"

బయట వరుసలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి తలుపు వైపు చూశారు.