నాలుగు డబ్బాల ఆఫీసు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో జావా నేర్చుకుని, ఉద్యోగం దొరక్క తిరుగు బస్సెక్కిన వాళ్ళందరికీ ఒక జబ్బుండేది. చేతికొచ్చిన పని ఎంత చిన్నదైనా దాన్ని పెద్ద బ్యాంకు పనిలా చేసెయ్యాలని. నాకా జబ్బు బాగా ముదిరాక మా బాబాయి నన్ను సారపాకలో తను పనిచేసే ఆఫీసుకి తీసుకెళ్ళాడు. ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు, ఒక కూలరు (అందులో నీళ్ళు పోసేది కూడా మా బాబాయే). రైతుల దగ్గర జామాయిల్ కర్ర కొని పేపరు మిల్లుకి తోలించే వ్యాపారం. మనుషులు ఇద్దరే, ఓనరు గారు, బాబాయి. లారీ వస్తే కర్ర చూసేది, రాసేది, సరిచూసేది, చీటీ చేతిలో పెట్టి పంపేది అన్నీ బాబాయే. "మా అన్న బిడ్డ సార్, కంప్యూటర్ల మస్తు సదివింది" అని ఆయన చెప్పుకుంటుంటే నా కళ్ళు నెత్తికెక్కాయి. లారీల లెక్కకి ఒక సాఫ్ట్‌వేర్ రాసిపెట్టమన్నారు ఓనరు గారు.

సాఫ్ట్‌వేర్ కట్టడానికి డిజైన్ ప్యాటర్న్‌లని కొన్ని అచ్చులుంటాయి. వాటిలో ఒకదాని ప్రకారం పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి గొలుసులా వెళ్ళాలి, ఒకరు చేసినదాన్ని వాళ్ళే ఆమోదించకూడదు. వందలమంది ఉన్న కంపెనీలకి అది బంగారం. నాకు తెగ నచ్చి, గోడకి చార్టు అంటించి నాలుగు డబ్బాలు గీశాను: నమోదు, తనిఖీ, ఆమోదం, గేటు పాసు. ఒక్కో డబ్బాకి ఒక్కో మనిషి, ఒక్కో పాస్‌వర్డు. ఇద్దరున్న చోట నాలుగెందుకని ఎవరూ అడగలేదు. అడిగినా నేను వినేదాన్ని కాదు.

మొదటి రోజే ఏన్కూరు రైతు లోడుతో వచ్చాడు. బాబాయి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నమోదు చేశాడు. వెంటనే తెర మీద "తనిఖీ వేరే వ్యక్తి చెయ్యాలి" అని వచ్చింది. ఓనరు గారేమో భద్రాచలం వెళ్ళారు. (నువ్వు నొక్కొచ్చుగా అంటారేమో, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు దాన్ని వాడకూడదని ఇంకో నియమం ఉంది. అదీ నేను పెట్టిందే.) నాలుగు పాస్‌వర్డులూ తన దగ్గరే ఉన్నా బాబాయి ముట్టుకోలేదు. "గట్ల దొంగతనం జెయ్యొద్దు బిడ్డా, వేరే మనిషి అంటుంది గదా" అని బయటికెళ్ళి లారీ డ్రైవర్ని పిలుచుకొచ్చాడు. డ్రైవరు తన లారీని తనే తనిఖీ చేసుకుని చాలా సంతోషించాడు. ఆమోదానికి టీకొట్టు అక్క వచ్చింది. "ఏది ఒత్తాలె? జల్దీ చెప్పు, పాలు పొంగుతయ్!"

ఈలోగా కర్ర ఎండకి ఎండుతోంది. ఎండినకొద్దీ తూకం తగ్గుతుంది, మిల్లు కాటా మీద తూగినంతకే రైతుకి డబ్బు. "ఏందమ్మా గిది? నిన్నటిదాంక మీ బాబాయి ఒక్కడే పంపిండు గదా, ఇయ్యాల గింతమందేంది?" అని ఆయన నా మీదకొచ్చాడు. చివరికి గేటు పాసు ఆయన చేతే నొక్కించాం.

ఈ కథంతా విన్నాక ఇంకొకరైతే కంప్యూటర్ని మూటకట్టించేవారు. మా ఓనరు గారు చార్టు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "సాఫ్ట్‌వేర్ బానే ఉందమ్మా. మనకే మనుషులు చాలట్లేదు" అన్నారు. అనడమే కాదు, మనుషుల్ని దించారు. నమోదుకి మేనల్లుడు, తనిఖీకి బావమరిది, గేటు పాసుకి పెద్దబ్బాయి. ఆమోదం తనే ఉంచుకున్నారు. నాలుగు డబ్బాలూ నిండిపోయాయి. అన్ని పనులూ చేసిన మా బాబాయికి మాత్రం నేను గీసిన బొమ్మలో చోటు లేదు.

"ఐదో డబ్బా పెడతాను సార్, పర్యవేక్షణ అని" అంటూ బతిమాలాను. "ఉన్న నాలుగూ నడుస్తున్నాయి కదమ్మా" అన్నారాయన. ఏవీ నడవలేదు. బావమరిది గారు భోజనం చేసి కునుకు తీస్తే తప్ప తనిఖీకి కూర్చునేవారు కాదు. లారీలు రోడ్డు దాకా నిలబడిపోయేవి. రైతులు ఒక్కొక్కరే వేరే ఏజెంట్ల దగ్గరికి పోయారు, వర్షాలు పడేసరికి షెడ్డుకి తాళం పడింది. బాబాయి అంతకుముందే వెళ్ళిపోయాడు. ఆయన సైకిల్ తీస్తుంటే నేను గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. "ఏడుస్తవేంది బిడ్డా? పని నేర్సుకున్నవ్ గదా, గది చాలు" అన్నాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

తర్వాత నాకు హైదరాబాదులో, ఎన్ని డబ్బాలు గీసినా మనుషులు మిగిలిపోయేంత పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళకి బాబాయి ఫోన్ చేశాడు. పినపాక దగ్గర సొంతంగా చిన్న కాటా పెట్టుకున్నాడట. "నాక్గూడ ఒకటి రాసియ్యి బిడ్డా. నేనొక్కణ్ణే ఉంట, మర్వకు" అన్నాడు. ఆ ఆదివారమే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఒకే ఒక్క డబ్బా గీసి అందులో బాబాయి పేరు రాశాను. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని మురిసిపోతూ టీ తాగి మళ్ళీ చూసుకుంటే, ఆ డబ్బా పక్కన ఇంకో డబ్బా ఉంది. లోపల నా అక్షరాల్లోనే, గుండ్రంగా, "ఆమోదం" అని ఉంది. నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. రబ్బరు కోసం సొరుగంతా వెతికాను.